ఎవరూ ముట్టుకోకుండా కంప్యూటరు ఏం చేస్తోంది?

రాసినది: 9వ తరగతి విద్యార్థిని

పోయిన నెల పత్రికలో మలేరియా దోమ గురించి ఏడో తరగతి చెల్లి చాలా బాగా రాసింది. అది చదివాక నాకు కూడా ఒక విషయం రాయాలనిపించింది. మనుషులకు జ్వరం వచ్చినట్టే కంప్యూటరుకు కూడా వైరసు వస్తుందని మనందరం విన్నాం. కానీ అది రాకుండా లోపల ఎవరు కాపలా కాస్తారు, వాళ్లు ఏం చేస్తారు, వాళ్ల వల్ల కంప్యూటరు ఎందుకు నెమ్మదిగా నడుస్తుంది అనేది చాలామందికి తెలీదు. అదే రాస్తాను.

కొంచెం పెద్దదే. రెండు చార్టుల మీద రాశాను. అన్నం గంట కొట్టేలోగా అవ్వకపోతే మిగతాది సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు చదువుకోండి.

మా మామయ్య డిగ్రీ చదివాడు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు పెట్టుకుని మా ఊరివాళ్లకు, పక్క మూడు ఊళ్లవాళ్లకు దరఖాస్తులు నింపి పెడతాడు. కుల ధ్రువపత్రం, స్కాలర్‌షిప్పు, ఆధారు, పోడు భూముల పట్టా కాగితాలు అన్నీ అందులోనే స్కాన్ చేసి దాచాడు. చాలామంది ఇళ్లలో అసలు కాగితం చెదలు పట్టిపోయింది, లేకపోతే వానకు తడిసిపోయింది. ఆ కంప్యూటరులో ఉన్న నకలే వాళ్లకు మిగిలింది. అందుకని ఆ పెట్టెకు ఏమన్నా అయితే అది మామయ్య ఒక్కడి నష్టం కాదు.

సంక్రాంతి సెలవుల్లో ఆ కంప్యూటరు మరీ మొరాయించింది. ఒక ఫైలు తెరవాలంటే పది నిమిషాలు. ఫ్యాను గుర్రుమంటోంది, ఎర్రలైటు ఆగకుండా మిణుకుతోంది. మా అమ్మ చదువుకోలేదు. అమ్మ చూసి, "ఎవరూ ముట్టుకోవట్లేదు కదా, అదేం చేస్తోందే లోపల?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. బావ ఇంటర్ చదువుతున్నాడు, బావకే వెంటనే జవాబు రాలేదు.

జవాబు తెలియాలంటే ముందు ప్రాసెసు అంటే ఏంటో తెలియాలి. గాదెలో చోళ్లు ఉంటాయి. అవి ఊరికే ఉంటాయి, ఏమీ చెయ్యవు. వాటినే చేలో చల్లితే మొలుస్తాయి, నీళ్లు తాగుతాయి, జాగా ఆక్రమిస్తాయి. కంప్యూటరులో ప్రోగ్రాము కూడా అంతే. డిస్కులో దాచి ఉన్నంతసేపు అది గాదెలో గింజ. దాన్ని నడపగానే మెమరీ అనే చేలోకి వచ్చి పని మొదలుపెడుతుంది. అలా నడుస్తున్న ప్రోగ్రామునే ప్రాసెసు అంటారు. మనం నొక్కి తెరిచినవి తెర మీద కనబడతాయి. కనబడకుండా వెనక నడిచేవి వాటికంటే చాలా ఎక్కువ. మామయ్య కంప్యూటరు అప్పుడే ఆన్ చేసి, మనం ఒక్కటీ తెరవకుండా లెక్క చూస్తే 143 ప్రాసెసులు ఉన్నాయి. నూటనలభై మూడు! నేను రెండుసార్లు చూశాను.

ఇవి ఎలా చూడాలంటే, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజరు అనే పట్టిక వస్తుంది. అది మన హాజరు పట్టీ లాంటిది. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎంత తింటున్నారు అన్నీ ఉంటాయి. సీపీయూ అన్న వరసలో ఎవరు ఎంత బుర్ర వాడుతున్నారో, మెమరీ అన్న వరసలో ఎంత జాగా పట్టారో, డిస్క్ అన్న వరసలో ఎంత చదువుతూ రాస్తూ ఉన్నారో కనబడుతుంది. ఆ వరస పేరు మీద నొక్కితే ఎక్కువ తినేవాళ్లు పైకి వస్తారు.

మామయ్య కంప్యూటరులో పైకి వచ్చిన పేరు యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్. డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉంది. అందులో ఎక్కువ భాగం దీనిదే. మెమరీలో 190 ఎంబీ పట్టుకుని కూర్చుంది. బావ వెంటనే "ఇదే దొంగ, దీన్ని చంపేద్దాం" అని ఎండ్ టాస్క్ నొక్కాడు. అనుమతి లేదు అని వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. యజమాని చెప్పినా వినని ప్రాసెసు ఏంటి అని బావకు ఇంకా అనుమానం పెరిగింది.

అంతకు ముందు వారమే టౌనులో ఒక రిపేరు షాపులో చూపిస్తే, ఆ పేరులో మాల్‌వేర్ అని ఉంది కాబట్టి ఇది వైరసే అన్నాడట. డిస్కంతా తుడిచి విండోస్ కొత్తగా వెయ్యాలి, పదిహేను వందలు అవుద్ది, లోపలివన్నీ పోతాయి అన్నాడట. మామయ్య డబ్బులు లేక తిరిగొచ్చేశాడు. డబ్బులు లేకపోవడమే మంచిదయింది.

ఎందుకంటే ఆ పేరును సరిగ్గా చదవాలి. మాల్‌వేర్ అంటే చెడు చేసే ప్రోగ్రాము. యాంటీ అంటే దానికి విరుద్ధం. విషం, విషానికి విరుగుడు ఒకటి కాదు కదా! ఇది విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే కాపలా ప్రోగ్రాము. దీని అసలు ఫైలు పేరు ఎమ్మెస్‌ఎంపీఈఎన్‌జీ. మైక్రోసాఫ్ట్, మాల్‌వేర్ ప్రొటెక్షన్, ఇంజిను అన్న మాటల ముక్కలు కలిపి పెట్టిన పేరు. మన రిజిస్టర్లలో పేర్లు పొడి అక్షరాల్లో రాసుకున్నట్టే. డిఫెండరు మొదట 2006లో వచ్చినప్పుడు స్పైవేరును, అంటే మన వివరాలు దొంగచాటుగా మోసుకుపోయే ప్రోగ్రాములను మాత్రమే పట్టేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పూర్తి యాంటీవైరసు అయింది. వేరే యాంటీవైరసు వెయ్యని ఇంటి కంప్యూటర్లలో కాపలా దీనిదే.

దీన్ని ఎండ్ టాస్క్‌తో ఎందుకు ఆపలేమో ఆలోచించండి. మనం నొక్కి ఆపగలిగితే, కంప్యూటరులో దూరిన దొంగ ప్రోగ్రాము కూడా మొట్టమొదట అదే పని చేస్తుంది. కాపలావాడి కాళ్లు చేతులు కట్టేశాకే కదా దొంగ ఇల్లు దోచేది. అందుకని విండోస్ ఈ ప్రాసెసుకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి రియల్ టైమ్ ప్రొటెక్షన్ అనే స్విచ్చి తీసేసినా కాసేపే. తర్వాత అదే తిరిగి వేసుకుంటుంది.

ఇంతకీ లోపల అది చేసే పని ఏంటి? ఇక్కడ పోడు చేను మీద మంచె గుర్తు తెచ్చుకోండి. పంట పొట్ట మీద ఉన్నప్పుడు రాత్రి మంచె మీద మనిషి కూచుంటాడు. దూరం నుంచి చూస్తే ఊరికే కూచున్నట్టే ఉంటాడు. కానీ చెవి చేను మీదే. ఆకు కదిలితే అది గాలా, పందా అని చూస్తాడు. డిఫెండరు మంచె డిస్కుకూ ప్రోగ్రాములకూ మధ్యన ఉంది. ఏ ప్రోగ్రాము అయినా ఒక ఫైలు తెరవాలంటే ఆ అడుగుడు ముందు దీని దగ్గరికి వస్తుంది. ఇది ఆ ఫైలును చూసి, మంచిదే అనుకుంటే వదులుతుంది. లేకపోతే ఆపేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా అవుతుంది. కానీ ఒక్క బొమ్మ తెరిచినా, ఒక్క కాగితం ప్రింటుకు ఇచ్చినా అప్పటికి వందల ఫైళ్లు తెరుచుకుంటాయి. అన్నిటికీ ఇదే తనిఖీ. ఘాట్ రోడ్డులో చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినట్టు.

మంచిదో చెడ్డదో ఎలా తెలుసుద్ది అని మా రూములో అడిగారు. మూడు రకాలుగా.

మొదటిది పాత నేరస్తుల పట్టిక. మనకు జ్వరం వస్తే ఆరోగ్య కార్యకర్త వేలి నుంచి రక్తం చుక్క తీసి స్లైడు చేస్తుంది కదా. ల్యాబులో మలేరియా క్రిమి ఆకారం వాళ్లకు ముందే తెలుసు. అదే ఆకారం కనబడితే మలేరియా అని రాస్తారు. అలాగే ఇప్పటివరకు పట్టుబడిన వైరసుల గుర్తులన్నీ డిఫెండరు దగ్గర ఉంటాయి. వాటిని సిగ్నేచర్లు అంటారు. ఫైలులో ఆ గుర్తు కనబడితే దొరికినట్టే. ఈ పట్టికకు మైక్రోసాఫ్ట్ రోజుకు చాలాసార్లు కొత్త గుర్తులు చేర్చి పంపుతుంది. ఆ పట్టికను దగ్గర పెట్టుకోవాలి కాబట్టే అంత మెమరీ పట్టేది.

కానీ నిన్న రాత్రే పుట్టిన వైరసు గుర్తు పట్టికలో ఉండదు. అందుకని రెండోది, నడవడిక చూడటం. ఒక ప్రోగ్రాము రాగానే వందల ఫైళ్లు గబగబా తెరిచి గజిబిజిగా మార్చేస్తోందనుకోండి. పేరు తెలియకపోయినా ఇది మంచి మనిషి చేసే పని కాదని తెలుస్తుంది. స్లైడు రిపోర్టు రాకముందే చలిజ్వరం, వణుకు చూసి పెద్దవాళ్లు అనుమానపడినట్టు. ఇందులో ఒక్కోసారి మంచి ప్రోగ్రామును కూడా అనుమానించే ప్రమాదం ఉంది. మూడోది, తనకు తేలనప్పుడు నెట్టు ద్వారా మైక్రోసాఫ్ట్ పెద్ద కంప్యూటర్లను అడగడం. మన ఏజెన్సీలో సిగ్నలు ఉన్నప్పుడే ఈ మూడోది పని చేస్తుంది.

దొరికిన ఫైలును వెంటనే తగలబెట్టదు. క్వారంటైన్ అనే గదిలో పెట్టి తాళం వేస్తుంది. కరోనా అప్పుడు ఊరి బయట బడిలో ఉంచినట్టే. పొరపాటున మంచి ఫైలును పట్టి ఉంటే మనం బయటకు తెచ్చుకోవచ్చు.

ఇది మేం కళ్లారా చూశాం. పండగ మర్నాడు ఒకాయన ఉద్యోగం దరఖాస్తు కోసం పెన్‌డ్రైవు తెచ్చాడు. గుచ్చగానే మూలన చిన్న పలక వచ్చింది, ముప్పు దొరికింది అని. తీసి చూస్తే ఆయన ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉన్నాయి. ఇది మన దగ్గర జిరాక్సు షాపుల్లో, నెట్ సెంటర్లలో చాలా ఎక్కువ. అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో ఒక దొంగ షార్ట్‌కట్టు పెడుతుంది. మనం ఫోల్డరే అనుకుని నొక్కితే ముందు వైరసు నడుస్తుంది, తర్వాత ఫోల్డరు తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆయన సర్టిఫికెట్లు పోలేదు, దాగి ఉన్నాయంతే. డిఫెండరు దొంగ ఫైలును పట్టేశాక, బావ దాచిన ఫైళ్లు కనబడేలా సెట్టింగు మార్చి అన్నీ బయటకు తీసి ఇచ్చాడు. ఉదయం దాన్ని చంపుదాం అన్నవాడే! నేను ఏమీ అనలేదు, నవ్వాను అంతే.

మరి నెమ్మది సంగతి? అది అబద్ధం కాదు. కాపలాకు ఖర్చు ఉంటుంది. డిఫెండరు అప్పుడప్పుడు మొత్తం డిస్కును మూలమూలలా వెతుకుతుంది, దాన్ని స్కాన్ అంటారు. తనంతట తాను చేసే స్కానులో సగటున సీపీయూలో సగానికి, అంటే 50 శాతానికి మించకూడదని దానికి మామూలుగా ఒక హద్దు పెట్టి ఉంటుంది. కానీ పాత హార్డ్ డిస్కు సంగతి వేరు. దానిలో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, ఒక సూది లాంటిది అటూ ఇటూ కదిలి చదువుతుంది. సూది ఒక్కచోటే ఉండగలదు. స్కాను ఒకవైపు ఫైలు అడుగుతుంటే, మనం ఇంకోవైపు ఫైలు అడిగితే ఆ సూది పరిగెత్తడానికే టైము అయిపోతుంది. బోరింగు ఒకటే, బిందెలు యాభై. అందుకే డిస్క్ 100 శాతం. మామయ్య కంప్యూటరు వారాల తరబడి స్కాను సగంలో ఉండగానే ఆఫ్ అయ్యేది, కరెంటు పోయి కొంత, రాత్రి కట్టేసి కొంత.

కంప్యూటరు మాస్టారు సెలవుల ముందు చెప్పిన మాట గుర్తుంచుకుని, మేం ఆ రాత్రి దాన్ని ఆపకుండా వదిలేశాం. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఫుల్ స్కాన్ నొక్కి అందరం అన్నాలు తిన్నాం. ఏడున్నరకు మొదలైంది, పన్నెండు దాకా నడిచింది. అదృష్టం, ఆ రాత్రి కరెంటు పోలేదు. మర్నాడు చాలా తేలికపడింది. పసుపు అమ్మాక ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించుకుంటానన్నాడు మామయ్య. దానిలో తిరిగే పళ్లెం, సూది ఉండవు. నా లెక్కలో ఆ పదిహేను వందలు కాపలావాణ్ణి తీసెయ్యడానికి కాకుండా దీనికి పెట్టడమే మంచిది.

పట్టికలో డిఫెండరు ఒక్కటే కాదు. ఎన్‌ఐఎస్‌ఎస్‌ఆర్‌వీ అని ఒకటి ఉంటుంది, అది నెట్టు నుంచి వచ్చే రాకపోకలు చూస్తుంది. స్మార్ట్‌స్క్రీన్ అనేది మనం దించుకున్న ప్రోగ్రాములు, వెళ్లే చోట్లు మంచివా కావా అని హెచ్చరిస్తుంది. గడియారం పక్కన డాలు బొమ్మ పెట్టేది సెక్యూరిటీ హెల్త్ సిస్‌ట్రే. ఎల్‌ఎస్‌ఏఎస్‌ఎస్ అనేది యాంటీవైరసు కాదు, మన పాస్‌వర్డు సరైనదో కాదో చూసి లోపలికి వదిలే ద్వారపాలకుడు. అది ఆగిపోతే విండోసే నడవదు. 2004లో సాసర్ అనే వైరసు ఈ ద్వారపాలకుడిలో ఉన్న ఒక లోపం పట్టుకునే ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోకి దూరింది. అరవై సెకన్లలో ఆగిపోతున్నాను అని తెర మీద వచ్చి కంప్యూటర్లు వాటంతట అవే ఆగి మళ్లీ మొదలయ్యేవి. రాసింది జర్మనీలో చదువుకునే ఒక కుర్రవాడు!

ఇక్కడే జాగ్రత్త. దొంగలు కాపలావాళ్ల పేరే పెట్టుకుంటారు. ఈ పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషు చిన్న ఎల్. దాని బదులు పెద్ద ఐ పెడితే చూడటానికి తేడా తెలీదు. మన తెలుగులో ధ లోపల చుక్క పెడితే థ అయిపోయినట్టు. డిక్టేషనులో ఆ చుక్క దగ్గరే మనకు మార్కులు పోతాయి కదా. ఎస్‌విసిహోస్ట్ అని ఇంకో ప్రాసెసు ఉంది, ఇది పట్టికలో పదులకొద్దీ ఉంటుంది. విండోస్ సేవలన్నీ ఇది మోస్తుంది కాబట్టి అన్ని ఉండటం తప్పు కాదు. దొంగలు మధ్యలో వి, సి అక్షరాలు తారుమారు చేసి ఎస్‌సివిహోస్ట్ అని పెడతారు.

పేరు చూసి నమ్మకూడదు, ఊరు అడగాలి. పట్టికలో ఆ ప్రాసెసు మీద మౌసు కుడి మీట నొక్కితే ఓపెన్ ఫైల్ లొకేషన్ అని ఉంటుంది. అది నొక్కితే ఆ ఫైలు ఉండే చోటుకు తీసుకెళ్తుంది. ఎల్‌ఎస్‌ఏఎస్‌ఎస్, ఎస్‌విసిహోస్ట్ ల ఊరు సి డ్రైవులో విండోస్, దానిలో సిస్టం32. డిఫెండరు ఇంజిను ఊరు ప్రోగ్రామ్‌డేటా, దానిలో మైక్రోసాఫ్ట్, దానిలో విండోస్ డిఫెండర్, దానిలో ప్లాట్‌ఫామ్. ఇదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్ అన్న ఫోల్డరులోనో కూచుంటే అనుమానించాల్సిందే. మామయ్య దానికి ఇలాగే చూశాం. అసలు ఊరే. అప్పుడే బావ ఒప్పుకున్నాడు.

రెండు యాంటీవైరసులు వేస్తే ఇంకా మంచిది కదా అని తొమ్మిది ఎ సెక్షన్ అమ్మాయి అడిగింది. మంచిది కాదు. ఒకే మంచె మీద ఇద్దరు ఎక్కితే ఒకరినొకరు పంది అనుకుంటారు. ఒకరు తెరిచిన ఫైలును ఇంకొకరు తనిఖీ చేస్తారు, ఇద్దరూ తినేస్తారు. అందుకే వేరే యాంటీవైరసు వేస్తే డిఫెండరు తనే పక్కకు తప్పుకుంటుంది. మన దేశంలో చేసినవి కూడా ఉన్నాయి. క్విక్ హీల్ అనేది పుణెలో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన కైలాష్ కట్కర్ పదో తరగతి తర్వాత చదువు ఆపేసి, కాలిక్యులేటర్లు బాగుచేసే పనిలో చేరాడు. తమ్ముడు సంజయ్‌ని కంప్యూటరు చదివించాడు, ఆ తమ్ముడే యాంటీవైరసు రాశాడు. ఇలాంటివి డబ్బు కట్టి కొన్నాక గడువు తీరిపోతే మళ్లీ కట్టాలి, లేదా తీసెయ్యాలి. తీసేస్తే డిఫెండరు మళ్లీ కాపలాకు వస్తుంది. గడువు తీరినదాన్ని అలాగే ఉంచుకోవడం నాకు సరి అనిపించదు.

కాపలా ఉంటే చాలదు, కంచె కూడా గట్టిగా ఉండాలి. కంచె అంటే విండోస్ అప్‌డేట్లు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకింది. అది ఫైళ్లను తాళం వేసి, తాళం తియ్యాలంటే 300 డాలర్లు కట్టమని తెర మీద ఎర్రగా చూపించేది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తగిలింది. ఇంగ్లండులో ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అసలు బాధ ఏంటంటే అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. వేసుకోనివాళ్ల కంప్యూటర్లలోకే దూరింది. ఇంగ్లండులో 22 ఏళ్ల మార్కస్ హచిన్స్ అనే అబ్బాయి ఆ వైరసు ఒక చిరునామా కోసం వెతుకుతోందని గమనించి, ఆ చిరునామాను తన పేరున రిజిస్టరు చేయించాడు. దాంతో అది పాకడం చాలావరకు ఆగింది.

ఇలాంటిది మామయ్య పెట్టెకు తగిలితే నాలుగు ఊళ్ల పట్టా కాగితాలకు తాళం పడినట్టే. అందుకే ఎంత కాపలా ఉన్నా ఇంకో నకలు వేరే డిస్కులో తీసి, కంప్యూటరుకు గుచ్చకుండా బీరువాలో పెట్టమని మామయ్యకు చెప్పాను. గుచ్చే ఉంచితే దానికి కూడా తాళం పడుతుంది.

కాపలావాడే పడిపోతే? అది కూడా జరిగింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన కాపలా ప్రోగ్రాముకు ఒక తప్పుడు అప్‌డేటు పంపింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసి కూలిపోయాయి. ఇవి ఎక్కువగా కంపెనీలవి, ఇళ్లలోవి కావు. కాపలా ప్రోగ్రాములకు కంప్యూటరు గుండెకాయ దాకా వెళ్లే అనుమతి ఉంటుంది కాబట్టి, వాటిలో తప్పు జరిగితే మొత్తం కూలుతుంది. లోపల లెక్క తప్పింది చాలా చిన్నచోట. ప్రోగ్రాము దగ్గర ఇరవై గడులే ఉంటే, అప్‌డేటు ఇరవై ఒకటో గడిలో ఏముందో చూడమంది. మన లెక్కల నోటులో గడి దాటి రాసినట్టే! తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడినవి పడ్డాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. చేతిరాత బాగున్నవాళ్లకు ఆరోజు అక్కడ గిరాకీ ఉండి ఉంటుంది.

మన ఇళ్లలో కంప్యూటర్లు తక్కువ, ఫోన్లు ఎక్కువ. ఫోనులో కూడా ప్లే ప్రొటెక్ట్ అని ఇలాంటి కాపలా వెనక నడుస్తూ ఉంటుంది. కానీ వాట్సాపులో పి.ఎం. కిసాన్ డబ్బులు అని ఏపీకే ఫైలు పంపి, దాన్ని వేసుకోమని, హెచ్చరిక వస్తే పట్టించుకోవద్దని చెప్పే మోసగాళ్లు ఉన్నారు. కాపలావాడు అరుస్తున్నా మనమే తలుపు తీస్తే వాడేం చేస్తాడు? నాన్నలకు, అన్నలకు సెలవుల్లో ఇది చెప్పండి. డబ్బులు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. డిఫెండరు పట్టిక మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. అంటే కాపలావాడు ఉన్నాడు, కంచె బాగుచేసేవాడు లేడు.

మన ల్యాబులో మూడో కంప్యూటరు దగ్గర కూచునేవాళ్లు ఇది గమనించండి. పోయిన శనివారం మాస్టారి అనుమతితో విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరసుల పట్టిక తేదీ చూశాను. ఇరవై ఆరు రోజుల పాతది. అన్ని రోజులుగా నెట్టు లేదు కదా. కానీ నెట్టు లేకపోయినా దారి ఉంది. ఆ పట్టికను మైక్రోసాఫ్ట్ ఒక ఫైలుగా కూడా ఇస్తుంది, నూరు ఎంబీ పైనే ఉంటుంది. నెట్టు ఉన్నచోట దాన్ని దించి, పెన్‌డ్రైవులో తెచ్చి నడిపితే చాలు. మాస్టారు సోమవారం పాడేరు వెళ్తున్నారు, తెస్తానన్నారు. పెన్‌డ్రైవు ఖాళీది, శుభ్రమైనది కావాలి. అన్ని కంప్యూటర్లకూ వెయ్యడానికి ఇద్దరు కావాలన్నారు. ఒక పేరు నాది ఇచ్చాను. రెండో పేరు ఇచ్చేవాళ్లు ఈ చార్టు కింద పెన్సిలుతో రాయండి.